రోడ్ బైక్ ఫ్రేము సైజు ఎంచుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

రోడ్ బైక్ కొనేవారు గేర్ల గురించీ బ్రేకుల గురించీ నెలల తరబడి ఆరా తీస్తారు గానీ, ఫ్రేము సైజు దగ్గరికి వచ్చేసరికి దుకాణంలో చెప్పిన మాటతో సరిపెట్టుకుంటారు. గేర్లను, చక్రాలను, సీటును తర్వాత మార్చుకునే వీలుంది. ఫ్రేముకు ఆ వీలు లేదు. సైజు విషయంలో అవే సందేహాలు పదే పదే వస్తున్నందున, వాటిని కొనుగోలు దశల వారీగా ఇక్కడ కూర్చాము. ప్రతి జవాబూ దానికదే పూర్తిగా ఉంటుంది కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## కొనాలని నిర్ణయించుకున్నాక

మా ఇంట్లో 26 ఇంచుల సైకిలు ఉండేది. రోడ్ బైక్‌లో ఆ సైజు ఎందుకు లేదు?

26 ఇంచులు అన్నది చక్రం కొలత. ఫ్రేము సైజుకూ దానికీ సంబంధం లేదు. రోడ్ బైకులలో దాదాపు అన్నిటికీ 700సి అనే ఒకే రకం చక్రాలు ఉంటాయి. పొట్టివారు కొన్నా పొడుగువారు కొన్నా చక్రం అదే, మారేది ఫ్రేము మాత్రమే. పాతకాలపు నల్ల సైకిళ్లలో మాత్రం 22 ఇంచులు, 24 ఇంచులు అని ఫ్రేము కొలతనే చెప్పేవారు. వాటి చక్రాలు 28 ఇంచులవి. 22 ఇంచులంటే దాదాపు 56 సెంటీమీటర్లు. అంతమాత్రాన నాన్నగారి 22 ఇంచుల సైకిలు మీకు సరిపోయింది కనుక 56 సైజు రోడ్ బైక్ కూడా సరిపోతుందని అనుకోకూడదు. ఆ సైకిలు మీద నిటారుగా కూర్చుంటాము, రోడ్ బైక్ మీద ముందుకు వంగి చేతులు చాపి కూర్చుంటాము.

ఫ్రేము మీద 54 అని రాసి ఉంది. ఆ 54 దేని కొలత?

ఒకప్పుడు అది సీట్ ట్యూబ్ పొడవు, అంటే పెడళ్ల ఇరుసు తిరిగే బాటమ్ బ్రాకెట్ నడిమి నుంచి సీటు కింది గొట్టం పైభాగం వరకు ఉండే దూరం. పై కడ్డీ, అంటే టాప్ ట్యూబ్, నేలకు సమాంతరంగా ఉన్నంత కాలం ఆ ఒక్క అంకెతో ఫ్రేము మొత్తాన్ని ఊహించగలిగేవారు. అప్పుడు కూడా కొందరు తయారీదారులు పై కడ్డీ మధ్య వరకు కొలిస్తే, మరికొందరు సీట్ ట్యూబ్ చివరి వరకు కొలిచేవారు కాబట్టి ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా వచ్చేది. 1990ల చివరలో మైక్ బరోస్ రూపకల్పనతో జెయింట్ సంస్థ టీసీఆర్ అనే సైకిలును తెచ్చింది. అందులో పై కడ్డీ వెనక్కి వాలి ఉంటుంది, సీట్ ట్యూబ్ పొట్టిగా ఉంటుంది, కొద్దిపాటి సైజులతోనే చాలామందికి సరిపెట్టవచ్చు. ఆ పద్ధతి దాదాపు అందరికీ పాకింది. అందువల్ల ఈనాడు 54 అని రాసి ఉన్న ఫ్రేములో ఏ గొట్టమూ 54 సెంటీమీటర్లు ఉండకపోవచ్చు. దాన్ని కొలతగా కాక, సైజుకు పెట్టిన పేరుగా చూడాలి.

నా ఎత్తు 5 అడుగుల 7 అంగుళాలు. ఏ సైజు తీసుకోవాలి?

అంటే 170 సెంటీమీటర్లు. ఈ ఎత్తుకు సాధారణంగా 52 గానీ 54 గానీ సరిపోతుంది. ఇలాగే 160 సెంటీమీటర్ల దగ్గర 48 నుంచి 50, 178 దగ్గర 54 నుంచి 56, 185 దగ్గర 56 నుంచి 58 అని స్థూలంగా చెప్పవచ్చు. అయితే ఇది వెతుకులాటను రెండు సైజులకు కుదించడానికి మాత్రమే పనికివస్తుంది. ఒకే ఎత్తున్న ఇద్దరిలో ఒకరికి కాలి లోపలి కొలత 76 సెంటీమీటర్లు, మరొకరికి 82 ఉండవచ్చు. మొదటి వ్యక్తికి నడుము పైభాగం పొడవు, అతను చేతులు చాపి హాయిగా ముందుకు అందుకోగలడు. రెండో వ్యక్తికి కాళ్లు పొడవు, సీటు ఎత్తుగా పెట్టాలి, కానీ పైభాగం పొట్టిది కనుక హ్యాండిల్ దగ్గరగానూ కాస్త ఎత్తుగానూ ఉండాలి. ఎత్తు పట్టిక ఈ ఇద్దరికీ ఒకే సైకిలు చూపిస్తుంది.

మా అబ్బాయికి 14 ఏళ్లు. ఎలాగూ పెరుగుతాడు కదా, ఒక సైజు పెద్దది కొనవచ్చా?

ఈ పని చేయవద్దని గట్టిగా చెబుతాము. పెద్ద ఫ్రేము మీద పిల్లవాడు బ్రేకులను సరిగా అందుకోలేడు, అవసరమైనప్పుడు కాలు నేలకు ఆనించలేడు, మలుపులో సైకిలు అతని అదుపులో ఉండదు. ఈరోజుకు సరిపోయే సైజులలో కాస్త పెద్దదాన్ని పొట్టి స్టెమ్‌తో (హ్యాండిల్‌ను సైకిలు ముందుభాగానికి కలిపే ముక్క) కొని, ఎదిగే కొద్దీ సీటు లేపుతూ, ఆపైన పొడవు స్టెమ్ వేస్తే ఒకటి రెండేళ్లు గడుస్తుంది. అంతకు మించి ఎదిగితే వాడిన సైకిలును అమ్మి మరొకటి కొనడమే మేలు.

ఆడవాళ్లకు వేరే ఫ్రేము కావాలా?

తప్పనిసరి కాదు. లివ్ వంటి బ్రాండ్లు స్త్రీల కోసమే ఫ్రేములు తయారుచేస్తున్నాయి, స్పెషలైజ్డ్ వంటి సంస్థలు మాత్రం అందరికీ ఒకే ఫ్రేము ఇచ్చి సీటు, హ్యాండిల్ వంటివి మార్చే పద్ధతికి వచ్చాయి. నిజమైన ఇబ్బంది స్త్రీయా పురుషుడా అన్నదానిలో కంటే ఎత్తులో ఉంది. 155 సెంటీమీటర్లకు లోపు ఉన్నవారికి 44, 47 వంటి చిన్న సైజులు కావాలి, అవి మన దుకాణాలలో తరచు నిల్వ ఉండవు. నిల్వ లేదన్న కారణంతో 50కి ఒప్పుకోకుండా, ఆర్డరు పెట్టించుకుని వేచి ఉండటం మంచిది. హ్యాండిల్ వెడల్పు భుజాలకు తగినట్లు ఉందా, బ్రేకు లివరు వేళ్లకు అందుతోందా అన్నవి కూడా చూడాలి. చాలా లివర్లను చిన్న స్క్రూతో దగ్గరికి తెచ్చుకోవచ్చు.

రేసు ఫ్రేమా, ఎండ్యూరెన్స్ ఫ్రేమా? సైజు ఒకటే అయితే తేడా ఏమిటి?

ఒకే సైజులో ఎండ్యూరెన్స్ ఫ్రేము ముందు భాగం రెండు మూడు సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటుంది, హ్యాండిల్ కొంచెం దగ్గరగా వస్తుంది. నడుము అంతగా వంగనివారికి, గంటల తరబడి తొక్కేవారికి ఇది హాయి. 200 కిలోమీటర్ల బ్రెవేకు, అంటే గడువులోగా పూర్తిచేయవలసిన సుదూర సైకిలు యాత్రకు, ఇచ్చే గడువు 13 గంటల 30 నిమిషాలు. అంతసేపు సీటు మీద గడపాలనుకునే వ్యక్తికి ఆ రెండు సెంటీమీటర్ల విలువ చివరి 50 కిలోమీటర్లలో తెలుస్తుంది. పోటీలలో పాల్గొనాలన్న ఉద్దేశం లేనివారు మొదటి రోడ్ బైక్‌గా ఎండ్యూరెన్స్ ఫ్రేము తీసుకోవడమే ఉత్తమమని మా అభిప్రాయం.

## కొలతలు తీసుకునేటప్పుడు

ఇన్‌సీమ్ ఎలా కొలవాలి? ప్యాంటు కొలత చెబితే సరిపోదా?

సరిపోదు. టైలరు తీసే కొలత ప్యాంటు అంచు దగ్గర ఆగుతుంది, గుడ్డ వదులు కూడా అందులో కలుస్తుంది. సైకిలుకు కావలసింది కాళ్ల సందు ఎముక నుంచి నేల వరకు ఉన్న దూరం. చెప్పులు లేకుండా, బిగుతైన షార్ట్స్ వేసుకుని, గోడకు వీపు ఆనించి, పాదాల మధ్య 15 నుంచి 20 సెంటీమీటర్ల ఎడం ఉంచి నిలబడాలి. గట్టి అట్ట ఉన్న పుస్తకాన్ని కాళ్ల మధ్య పెట్టి, దాని ఒక అంచు గోడకు పూర్తిగా ఆనేట్లు ఉంచి, సీటు మీద కూర్చున్నప్పుడు తెలిసేంత ఒత్తిడి వచ్చేవరకు పైకి లాగాలి. పుస్తకం పై అంచు దగ్గర గోడ మీద పెన్సిలు గీత గీయించి, నేల నుంచి ఆ గీత వరకు కొలవాలి. చాలామంది పుస్తకాన్ని మెల్లగా ఆనించి వదిలేస్తారు; అప్పుడు కొలత ఒకటి రెండు సెంటీమీటర్లు తగ్గుతుంది. మూడుసార్లు కొలిచి, దగ్గరగా ఉన్న రెండింటి సగటు తీసుకోవాలి.

ఇన్‌సీమ్ తెలిసింది. దాని నుంచి సైజు లెక్క ఎలా కట్టాలి?

పాత సూత్రం ప్రకారం ఇన్‌సీమ్‌ను 0.67తో గుణిస్తే సమాంతర కడ్డీ ఉన్న ఫ్రేము సైజు వస్తుంది. 78 సెంటీమీటర్ల ఇన్‌సీమ్‌కు అది సుమారు 52. వాలు కడ్డీ ఫ్రేములలో ఈ అంకెను సంస్థ పెట్టిన సైజు పేరుతో పోల్చాలి గానీ అసలు సీట్ ట్యూబ్ పొడవుతో పోల్చకూడదు. సీటు ఎత్తుకు 0.883తో గుణించే పద్ధతి ఉంది. ఫ్రెంచి శిక్షకుడు సిరిల్ గిమార్ జట్టులో తొక్కిన గ్రెగ్ లెమాండ్ ద్వారా 1980లలో అది ప్రపంచమంతటా వ్యాపించింది. 78 ఇన్‌సీమ్‌కు బాటమ్ బ్రాకెట్ నడిమి నుంచి సీటు పైభాగం వరకు 68.9 సెంటీమీటర్లు వస్తుంది. ఈ రెండు లెక్కలూ కాళ్ల గురించి మాత్రమే చెబుతాయి. హ్యాండిల్ ఎంత దూరంలో ఉండాలన్న ప్రశ్నకు వీటిలో సమాధానం లేదు, అసలు ఇబ్బందులన్నీ అక్కడే మొదలవుతాయి.

నా కొలతలు సరిగ్గా రెండు సైజుల మధ్యకు వస్తున్నాయి. చిన్నదా, పెద్దదా?

మోకాళ్లు వంచకుండా ముందుకు వంగి చూడండి. అరచేతులు నేలకు సులువుగా ఆని, మీ చేతులు కూడా పొడవైనవి అయితే చిన్న సైజు తీసుకుని కాస్త పొడవు స్టెమ్ వేసుకోవచ్చు. వేళ్లు మోకాలి కింద ఎక్కడో ఆగిపోయేవారికి చిన్న ఫ్రేములో హ్యాండిల్ మరీ కిందికి పోతుంది. దాన్ని లేపడానికి స్టెమ్ కింద స్పేసర్లు అనే వలయాలు పేర్చవలసి వస్తుంది, ముందు చక్రాన్ని పట్టుకునే ఫోర్కు కార్బన్‌దైతే ఆ పేర్పు ఎత్తు మీద తయారీదారు పెట్టిన పరిమితి ఉంటుంది. కాళ్లు పొడవు, నడుము పైభాగం పొట్టి అయినవారు పెద్ద సైజు తీసుకుని పొట్టి స్టెమ్ వేసుకోవడం మేలు. చిన్న సైజు తేలిక, వేగం అన్న ప్రచారాన్ని బట్టి మాత్రం నిర్ణయించకండి. రెండు సైజుల మధ్య బరువు తేడా మామూలు రైడర్‌కు తెలియనంత స్వల్పం.

## కొలతల పట్టిక చదివేటప్పుడు

స్టాక్, రీచ్ అంటే ఏమిటి?

బాటమ్ బ్రాకెట్ నడిమి నుంచి హెడ్ ట్యూబ్, అంటే ఫోర్కు గొట్టం దూరే ఫ్రేము ముందు గొట్టం, పైభాగం వరకు నిటారుగా పైకి కొలిస్తే వచ్చేది స్టాక్. అదే రెండు బిందువుల మధ్య నేలకు సమాంతరంగా ముందుకు కొలిస్తే వచ్చేది రీచ్. హ్యాండిల్ ఎంత ఎత్తుకు రాగలదో స్టాక్ చెబుతుంది, ఎంత ముందుకు పోతుందో రీచ్ చెబుతుంది. ఉదాహరణకు స్పెషలైజ్డ్ టార్మాక్ ఎస్ఎల్7 అనే రేసు ఫ్రేములో 54 సైజుకు స్టాక్ 544, రీచ్ 384 మిల్లీమీటర్లు. సంస్థ సైజుకు ఏ పేరు పెట్టినా, కడ్డీ ఎంత వాలి ఉన్నా ఈ రెండు అంకెలు మోసం చేయవు. పట్టికలో ఇరవై వరుసలున్నా మొదట చూడవలసినవి ఇవే.

రీచ్ ఎక్కువ ఉన్న ఫ్రేము ఎప్పుడూ పొడవైనదేనా?

కాదు. ఈ పొరపాటు అనుభవం ఉన్నవారు కూడా చేస్తారు, కాబట్టి ఒక లెక్క వేసి చూద్దాం. ఒక ఫ్రేముకు స్టాక్ 544, రీచ్ 384. మరో ఫ్రేముకు స్టాక్ 570, రీచ్ 376 అనుకుందాం. మొదటిది 8 మిల్లీమీటర్లు పొడవని అనిపిస్తుంది. మీకు హ్యాండిల్ రెండో ఫ్రేము ఎత్తులోనే కావాలంటే, మొదటి ఫ్రేములో స్టెమ్ కింద స్పేసర్లు పెట్టి 26 మిల్లీమీటర్లు లేపాలి. ఫోర్కు గొట్టం నిటారుగా ఉండదు, సుమారు 73 డిగ్రీల కోణంలో వెనక్కి వాలి ఉంటుంది. అందువల్ల స్టెమ్ పైకి జరిగే కొద్దీ వెనక్కి కూడా వస్తుంది. 26 మిల్లీమీటర్లు లేపితే దాదాపు 8 మిల్లీమీటర్లు వెనక్కి వస్తుంది. అప్పుడు రీచ్ 376 అవుతుంది, అంటే రెండు ఫ్రేములూ సమానం. రీచ్‌ను పోల్చేముందు స్టాక్‌ను సమం చేయాలి. ప్రతి 10 మిల్లీమీటర్ల స్పేసరుకు సుమారు 3 మిల్లీమీటర్ల రీచ్ తగ్గుతుందని గుర్తుంచుకుంటే ఈ లెక్క నోటితోనే వేసుకోవచ్చు.

టాప్ ట్యూబ్ పొడవు చూసుకుంటే చాలదా?

ఆ కొలతలో సీట్ ట్యూబ్ కోణం దాగి ఉంటుంది. రెండు ఫ్రేముల టాప్ ట్యూబ్ పొడవు సమానమై, ఒకదాని కోణం 73, మరోదాని కోణం 74 డిగ్రీలు అనుకుందాం. 70 సెంటీమీటర్ల సీటు ఎత్తు దగ్గర ఆ ఒక్క డిగ్రీ వల్ల సీటు సుమారు 12 మిల్లీమీటర్లు ముందుకు వస్తుంది. మోకాలు పెడల్ మీద ఉండవలసిన చోటే ఉండాలంటే సీటును అంత మేర వెనక్కి జరపాలి, అలా జరిపాక రెండో సైకిలు 12 మిల్లీమీటర్లు పొడవవుతుంది. చిన్న సైజులలో ఈ కోణం తరచు ఎక్కువగా ఉంటుంది కనుక, 52 కంటే చిన్న సైజులు కొనేవారు టాప్ ట్యూబ్ అంకెను ఒంటరిగా నమ్మకూడదు.

ఒక కంపెనీలో నాకు ఎం వస్తోంది, మరో కంపెనీలో ఎస్ వస్తోంది. ఏది నిజం?

రెండూ నిజమే. ఒక బ్రాండు చొక్కా ఎం సరిపోయినవారికి మరో బ్రాండులో ఎల్ కావలసి వచ్చినట్లే, ఈ అక్షరాలకు ఉమ్మడి ప్రమాణం లేదు. హైబ్రిడ్ సైకిలులో ఎం తొక్కుతున్నారన్న కారణంతో రోడ్ బైక్‌లో ఎం అడగకూడదు. మౌంటెన్ బైకులలో చెప్పే 17, 19 ఇంచుల సైజులను సెంటీమీటర్లలోకి మార్చి వాడకూడదు. ఇప్పటికే సుఖంగా ఉన్న రోడ్ బైక్ ఏదైనా ఉంటే దాని స్టాక్, రీచ్ రాసిపెట్టుకుని కొత్త ఫ్రేములను వాటితో పోల్చడం అన్నిటికంటే నమ్మదగిన దారి.

## దుకాణంలో

నా సైజు నిల్వ లేదట. సీటు దించి, స్టెమ్ మార్చి ఇస్తామంటున్నారు. తీసుకోవచ్చా?

ఒక సైజు తేడా ఉండి, మీరు రెండు సైజుల సరిహద్దులో ఉంటే ఆలోచించవచ్చు. అలా కాకపోతే వద్దు. సీటు దించినంత మాత్రాన పెద్ద ఫ్రేము చిన్నది కాదు. సీటు కిందికి దిగుతుంది, హ్యాండిల్ మాత్రం ఉన్నంత దూరంలోనే ఉంటుంది. చేతులు దగ్గర కావడానికి సీటును ముందుకు తోస్తే మోకాలి స్థానం చెడుతుంది. పండుగ తగ్గింపు పోతుందన్న తొందరలో ఇలా కొన్నవారు తర్వాత పొట్టి స్టెమ్‌కూ కొత్త హ్యాండిల్‌కూ డబ్బు పెట్టి, చివరికి సైకిలునే నష్టానికి అమ్ముకోవడం తరచు చూస్తున్నాము. నెల రోజులు ఆగినా సరైన సైజే తెప్పించుకోండి.

నిలబడినప్పుడు కడ్డీకీ కాళ్ల సందుకూ మధ్య ఎంత ఖాళీ ఉండాలి?

రెండు నుంచి ఐదు సెంటీమీటర్లు ఉంటే చాలు. కడ్డీ వాలి ఉన్న ఫ్రేములలో పెద్ద సైజుకు కూడా ఇంత ఖాళీ దొరుకుతుంది కాబట్టి, ఖాళీ ఉందంటే సైజు సరైనదని రుజువైనట్లు కాదు.

సీటు మీద కూర్చుని చూసినప్పుడు హ్యాండిల్ అడ్డువచ్చి ముందు చక్రం ఇరుసు కనపడకపోతే సైజు సరైనదంటారు. నిజమేనా?

నమ్మదగింది కాదు. ఫోర్కు వంపు, హెడ్ ట్యూబ్ కోణం, స్టెమ్ పొడవు, మీరు వంగే తీరు మారితే ఇరుసు కనిపించే తీరు కూడా మారుతుంది.

టెస్ట్ రైడ్‌లో ఏం గమనించాలి?

ముందు సీటు ఎత్తు సరిచేయించుకోండి. మడమను పెడల్ మీద ఉంచి, పెడల్ అట్టడుగుకు వచ్చినప్పుడు కాలు నిటారుగా ఉంటే, పాదం ముందుభాగంతో తొక్కేటప్పుడు మోకాలు తగినంత వంగుతుంది. ఆ తర్వాత చేతులు బ్రేకు హుడ్ల మీద, అంటే బ్రేకు లివర్ల పైనుండే రబ్బరు పిడుల మీద, పెట్టి తొక్కుతూ మోచేతులను గమనించండి. అవి కర్రల్లా బిగుసుకుని ఉంటే, లేదా మీకు తెలియకుండానే చేతులు హుడ్ల నుంచి వెనక్కి, హ్యాండిల్ అడ్డ కడ్డీ మీదికి వస్తూ ఉంటే ఫ్రేము పొడవెక్కువ. లేచి తొక్కినప్పుడు మోకాళ్లు హ్యాండిల్‌కు తగిలేలా ఉంటే పొట్టిది. షాపు ముందు సందులో రెండు చుట్లు తిరిగితే ఇవేవీ తెలియవు. కనీసం అరగంట కావాలి. అంతసేపు దుకాణం ఇవ్వకపోతే, అదే మోడలు అదే సైజు ఉన్న మిత్రుడిని అడగండి. హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాకు వాహనాల రాకపోకలు లేక ఇలాంటి పరీక్షకు బాగుంటుంది. విశాఖపట్నం వారికి బీచ్ రోడ్డు మీది ఎదురుగాలే పరీక్ష: హ్యాండిల్ కింది వంపులు పట్టుకుని పది నిమిషాలు తొక్కలేకపోతే ముందుభాగం మీకు మరీ దూరంగానో మరీ కిందో ఉందన్నమాట.

హ్యాండిల్ తిప్పితే పాదం ముందు చక్రానికి తగులుతోంది. సైజు తప్పా?

చిన్న ఫ్రేములలో ఇది సాధారణం. చక్రం పెద్దది, ఫ్రేము పొట్టిది కావడం వల్ల అలా జరుగుతుంది. వేగంగా వెళ్లేటప్పుడు హ్యాండిల్ అంతగా తిరగదు కనుక అప్పుడు తగలదు. ఇరుకు సందులో మెల్లగా మలుపు తిరిగేటప్పుడు మాత్రం లోపలి వైపు పాదాన్ని ముందుకు రానివ్వకూడదు.

సెకండ్ హ్యాండ్ ఫ్రేము చూస్తున్నాను. సైజు స్టిక్కరు కాకుండా ఇంకేం చూడాలి?

ఫోర్కు గొట్టాన్ని ఎంత కోశారో చూడాలి. పాత యజమాని హ్యాండిల్‌ను బాగా కిందికి పెట్టుకోవడానికి దాన్ని పొట్టిగా కోయించి ఉంటే, స్పేసర్లు పెట్టడానికి చోటుండదు, సైజు మీదే అయినా హ్యాండిల్ మీ ఎత్తుకు రాదు. సీట్ పోస్టును బయటికి లాగించి చూడండి. ఏళ్ల తరబడి కదపని పోస్టు తుప్పుతో బిగుసుకుపోతే సీటు ఎత్తు మార్చలేరు. మీ సీటు ఎత్తుకు లేపినప్పుడు పోస్టు మీది హద్దు గీత బయటికి కనిపిస్తే ఆ ఫ్రేము మీకు చిన్నదని అర్థం.

## కొన్న తర్వాత

గంట తొక్కేసరికి చేతులు తిమ్మిరెక్కుతున్నాయి, మెడ లాగుతోంది. ఫ్రేము తప్పు కొన్నానా?

వెంటనే ఆ నిర్ణయానికి రావద్దు. ముందు సీటు చూడండి: దాని ముక్కు కిందికి వాలి ఉంటే శరీరం ముందుకు జారి బరువంతా అరచేతుల మీద పడుతుంది. దాన్ని సమతలంగా చేసి వారం తొక్కండి. సీటు మరీ ఎత్తుగా ఉన్నా ఇలాగే జరుగుతుంది. ఇవి సరిచేశాక కూడా చిటికెన వేలు, ఉంగరం వేలు తిమ్మిరెక్కుతూ, మోచేతులు బిగిసి, సీటు అంచుకు జారుతూనే ఉంటే హ్యాండిల్ దూరమెక్కువని భావించాలి. తొక్కడం ఆపాక కూడా తిమ్మిరి తగ్గకపోతే సైకిలును పక్కన పెట్టి వైద్యుడికి చూపించండి.

బైక్ ఫిట్ చేయించుకోవాలా? ఎప్పుడు?

వీలుంటే కొనకముందే చేయించుకోండి. కొన్నాక చేసే ఫిట్ ఉన్న ఫ్రేము హద్దులలోనే సర్దుతుంది. ముందే చేస్తే మీకు కావలసిన స్టాక్, రీచ్ అంకెలు చేతికి వస్తాయి.

స్టెమ్ మార్చి ఎంతవరకు సరిచేయవచ్చు?

రోడ్ బైకులకు స్టెమ్ మామూలుగా 80 నుంచి 120 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది. 100 తీసి 90 వేస్తే హ్యాండిల్ సుమారు ఒక సెంటీమీటరు దగ్గరవుతుంది. కిందికి 6 డిగ్రీల వాలు ఉన్న 100 మిల్లీమీటర్ల స్టెమ్‌ను తిరగేసి బిగిస్తే, ఖర్చేమీ లేకుండా హ్యాండిల్ సుమారు రెండు సెంటీమీటర్లు పైకి, అర సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ వెనక్కి వస్తుంది. మొదట చేయవలసిన ప్రయత్నం ఇదే. హ్యాండిల్ బార్లకు కూడా వేర్వేరు రీచ్ ఉంటుంది, 85 ఉన్నదాన్ని తీసి 70 ఉన్నది వేస్తే మరో ఒకటిన్నర సెంటీమీటరు కలిసివస్తుంది. కేబుళ్లన్నీ లోపలి నుంచి పోయి, స్టెమ్, హ్యాండిల్ ఒకే ముక్కగా ఉన్న కొత్త మోడళ్లలో ఈ మార్పులు ఖరీదైన పని, కాబట్టి అటువంటిది కొనేవారు స్టెమ్ పొడవును బిల్లు కట్టకముందే మార్పించుకోవాలి. 70 మిల్లీమీటర్ల స్టెమ్ వేసి, స్పేసర్లన్నీ పేర్చి, పొట్టి రీచ్ హ్యాండిల్ పెట్టినా దూరంగానే అనిపిస్తే ఇక ఆ ఫ్రేము మీద ఖర్చు పెట్టకుండా, సైకిలు కొత్తగా ఉన్నప్పుడే సరైన ధరకు అమ్మి ఒక సైజు చిన్నది తీసుకోండి.